ఎడిటర్‌కి ఆ అధికారం ఎవరిచ్చారు?

సగం_పీహెచ్‌డీ | మంగళవారం, రాత్రి 10:42
నిన్న అర్ధరాత్రి దాటాక పేపర్ సబ్మిట్ చేశాను. ఈరోజు మధ్యాహ్నం మెస్‌లో పప్పన్నం కలుపుకుంటుంటే మెయిల్ వచ్చింది. 14 నెలల పని 14 గంటల్లో వెనక్కి వచ్చేసింది. రిఫరీలకు, అంటే పేపర్ చదివి అభిప్రాయం చెప్పే అదే రంగం నిపుణులకు, పంపనే లేదట. "మా పత్రిక పాఠకులకు ఆసక్తి ఉండకపోవచ్చు" అని ఎడిటర్ ఒక్కడే తేల్చేశాడు.
ఏడుపు సంగతి అలా ఉంచండి. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. ఒక్క మనిషికి ఇంత అధికారం ఎప్పటి నుంచి వచ్చింది? సైన్స్ జర్నల్ పుట్టిన 1665 నుంచే పీర్ రివ్యూ (అచ్చుకు ముందు తోటి శాస్త్రవేత్తల తనిఖీ) ఉందని మాకు క్లాసులో చెప్పారు. మరి నా పేపర్‌కి అది ఎందుకు లేదు?

కెమిస్ట్రీ_సార్ | రాత్రి 11:05
క్లాసులో చెప్పింది నిజమే బాబూ. లండన్ రాయల్ సొసైటీ సెక్రటరీ హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' మొదలుపెట్టినప్పుడే సభ్యులు చదివి చూశాకే అచ్చు వేయాలని తీర్మానం ఉంది. ఎడిటర్ అంటే పోస్ట్‌మాన్. వచ్చింది రిఫరీకి ఇవ్వాలి, రిఫరీ చెప్పింది రచయితకి చేర్చాలి. ఈ కాలం ఎడిటర్లు జడ్జీలమనుకుంటున్నారు.

పాత_లైబ్రరీ | బుధవారం, ఉదయం 6:20
సార్, ఆ తీర్మానం ఉన్నమాట నిజం. 1665 మార్చి 1న కౌన్సిల్ చేసింది. సొసైటీ సభ్యులు కొందరు ముందు చూశాక లైసెన్స్ ఇవ్వాలని అందులో ఉంది. కానీ అది ఏ లైసెన్స్? ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఏది అచ్చు వేయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. రాజుగారిచ్చిన చార్టర్ వల్ల ఆ అనుమతి ఇచ్చే హక్కు సొసైటీకి దక్కింది. అంటే వాళ్ళు చూసింది సెన్సారు చూపు. ప్రయోగం సరిగ్గా ఉందా లేదా అన్న తనిఖీ కాదు. మన పుస్తకాల్లో ఈ రెండూ కలిపేశారు.
ముప్పై ఏళ్ళు పీరియాడికల్స్ సెక్షన్‌లో దుమ్ము దులిపినవాణ్ణి, ఓల్డెన్‌బర్గ్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నిద్ర పట్టదు. ఆయనది జర్మనీలోని బ్రెమెన్. నాలుగైదు భాషలొచ్చు. సొసైటీ సెక్రటరీగా యూరప్ అంతటి నుంచీ ఉత్తరాలు తెప్పించుకునేవాడు, ఒకరి ఉత్తరంలోని సంగతి ఇంకొకరికి రాసేవాడు. ఈ ఉత్తరాలనే నెలకోసారి అచ్చు వేసి అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయి కదా అనుకున్నాడు. 1665 మార్చి 6న మొదటి సంచిక వచ్చింది, 16 పేజీలు. పత్రిక సొసైటీది కాదు, ఆయన సొంతం. లాభమైనా నష్టమైనా ఆయనదే. ఏది వేయాలో, ఏది కత్తిరించాలో, ఏది లాటిన్ నుంచి ఇంగ్లీషు చేయాలో ఆయన ఇష్టం.
ఆ ఏడాదే లండన్‌లో ప్లేగు. అందరూ ఊరొదిలి పారిపోతే కొన్ని సంచికలు ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చు వేయించాల్సి వచ్చింది. 1667లో డచ్చివాళ్ళతో యుద్ధం. అన్ని దేశాల నుంచి ఉత్తరాలు వచ్చే మనిషి మీద అనుమానం రాకుండా ఉంటుందా? లండన్ టవర్‌లో రెండు నెలలు జైల్లో పెట్టారు.
ఇంకో ముచ్చట. విదేశీ ఉత్తరాలు తన అసలు పేరుకి కాకుండా "గ్రూబెన్‌డాల్" పేరుకి రాయమనేవాడు. ఓల్డెన్‌బర్గ్ ఇంగ్లీషు స్పెల్లింగ్‌లోని అక్షరాలు తారుమారు చేస్తే వచ్చే పేరది.

గుంటూరు_మిర్చి | ఉదయం 7:02
అంటే ప్రపంచంలో మొట్టమొదటి సైన్స్ ఎడిటర్ ఫేక్ ఐడీతో నడిపాడన్నమాట 😄 మన ఫోరమ్‌కి మూలపురుషుడు దొరికాడు.

పాత_లైబ్రరీ | ఉదయం 7:15
మొట్టమొదటివాడు కూడా కాదు మిర్చిగారూ. పారిస్‌లో దెనీ ద సాల్లో అనే న్యాయాధికారి రెండు నెలల ముందే, 1665 జనవరి 5న, 'జుర్నాల్ దె సావాఁ' మొదలుపెట్టాడు. ఆయనదీ మారుపేరే! అది ఎక్కువగా పుస్తక సమీక్షల పత్రిక. విమర్శలు మరీ ఘాటుగా ఉన్నాయని, మతపెద్దలకు కోపం వచ్చి మూడు నెలలు తిరక్కుండానే ఆపించారు. మరుసటి ఏడాది వేరే ఎడిటర్ చేతికిచ్చి మళ్ళీ నడిపించారు. కాబట్టి ఎడిటర్‌ని తీసేయడం కూడా ఈ పనితో పాటే పుట్టింది.
డబ్బు మాట అంటారా, ఓల్డెన్‌బర్గ్‌కి మంచి ఏడాదిలో కూడా 40 పౌన్లకు మించి మిగల్లేదు.

సగం_పీహెచ్‌డీ | ఉదయం 9:30
మాస్టారూ, ఆ రోజుల్లో పేపర్ పంపితే ఎన్నాళ్ళకు అచ్చయ్యేది?

పాత_లైబ్రరీ | ఉదయం 9:48
న్యూటన్ తెల్లటి వెలుగులో రంగులున్నాయని రాసిన ఉత్తరం తారీఖు 1672 ఫిబ్రవరి 6. పత్రికలో వచ్చింది ఫిబ్రవరి 19. పదమూడు రోజులు. ఆ తర్వాత సొసైటీ సభ్యుడు రాబర్ట్ హుక్ దాన్ని విమర్శించడం, న్యూటన్ అలగడం, ఓల్డెన్‌బర్గ్ ఇద్దరికీ మధ్య ఉత్తరాలు మోయడం నాలుగేళ్ళకు పైగా సాగింది. హుక్‌కి ఓల్డెన్‌బర్గ్ అంటే పరమ మంట. గడియారం స్ప్రింగ్ విషయంలో తన రహస్యాలు డచ్ శాస్త్రవేత్త హైగెన్స్‌కి అమ్ముకున్నాడని అచ్చులోనే తిట్టాడు.

వాల్తేరు_గట్టు | బుధవారం, సాయంత్రం 5:40
ఇప్పుడే ల్యాబ్ నుంచి వచ్చాను. లైబ్రరీ మాస్టారు ఆపిన చోటు నుంచి నేను అందుకుంటాను. బీఎస్సీ పిల్లలకు ఫిజిక్స్ చరిత్ర చెప్తాను కాబట్టి ఇది నాకిష్టమైన భాగం.
ఓల్డెన్‌బర్గ్ 1677లో పోయాక పత్రిక ఒక సెక్రటరీ చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ వచ్చింది. హాలీ తోకచుక్క హాలీ కూడా కొన్నాళ్ళు చూశాడు. నాణ్యత ఎడిటర్ని బట్టి ఉండేది. 1751లో జాన్ హిల్ అనే ఆయన, సొసైటీలో సభ్యత్వం దక్కలేదన్న కోపం కూడా తోడై, ట్రాన్సాక్షన్స్‌లో వచ్చిన పనికిమాలిన వ్యాసాలన్నీ ఏరి ఎగతాళి చేస్తూ ఒక పుస్తకమే వేశాడు. పరువు పోయింది. మరుసటి ఏడాది, 1752లో, సొసైటీ పత్రికను అధికారికంగా తన చేతిలోకి తీసుకుని 'కమిటీ ఆఫ్ పేపర్స్' పెట్టింది. పేపర్ మీద రహస్య ఓటు. ఎందుకు వద్దన్నారో చెప్పక్కర్లేదు. పైగా ప్రతి సంపుటం ముందూ ఒక ప్రకటన: ఇందులోని విషయాలకు సొసైటీ పూచీ లేదు, రచయితదే బాధ్యత. అధికారం కమిటీది, బాధ్యత రచయితది! చాలా తెలివైన ఏర్పాటు.
రాతపూర్వకమైన రిఫరీ రిపోర్టు వచ్చింది 1832లో. విలియం హ్యూవెల్ ఆలోచన అది. ఆయన ఉద్దేశం తప్పులు పట్టడం కాదు. ఇద్దరు పెద్దవాళ్ళు ప్రతి పేపర్ గురించి రాస్తే, దాన్ని అచ్చు వేస్తే, సైన్స్‌కి కాస్త ప్రచారం దొరుకుతుందని. మొదటి పేపర్ ఖగోళ శాస్త్రవేత్త ఏరీది, భూమి, శుక్రగ్రహాల కదలిక మీద. రిఫరీలు హ్యూవెల్, జాన్ లబ్బక్. మొదటిసారే ఇద్దరికీ పడలేదు. హ్యూవెల్ పేపర్ ఎంత గొప్పదో చెప్దామంటాడు, లబ్బక్ లెక్కలో లోపాలు రాయాల్సిందే అంటాడు. ఈ పీటముడి ఇవాళ్టికీ విడలేదు. కొన్నేళ్ళకే రిపోర్టులు అచ్చు వేయడం మానేసి గుట్టుగా ఉంచడం మొదలుపెట్టారు.
ఈ లబ్బక్‌ని గుర్తుపెట్టుకోండి. 1845లో బొంబాయి నుంచి ఒక పేపర్ వచ్చింది. రాసింది జాన్ వాటర్‌స్టన్, ఈస్ట్ ఇండియా కంపెనీ కుర్రాళ్ళకు నౌకాయానం పాఠాలు చెప్పే మాస్టారు. వాయువుల్లో అణువులు అటూ ఇటూ పరుగెడుతూ ఉంటాయి, వాటి వేగమే వేడి అన్న లెక్క. అంటే ఇప్పుడు మనం చెప్పుకునే గతిజ సిద్ధాంతం. రిఫరీ లబ్బక్. "ఇదంతా అర్థం లేని మాటలు, సొసైటీలో చదవడానికి కూడా పనికిరాదు" అని రాశాడు. సొసైటీకి అందిన పేపర్ సొసైటీ ఆస్తి. తిరిగి ఇవ్వరు. వాటర్‌స్టన్ దగ్గర ఇంకో కాపీ లేదు!
1857లో క్లాసియస్, 1860లో మాక్స్‌వెల్ అదే దారిలో పేరు తెచ్చుకున్నారు. వాటర్‌స్టన్ 1883లో ఎడిన్‌బరో దగ్గర బయటికి వెళ్ళి మళ్ళీ కనపడలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత అప్పటి సెక్రటరీ రేలీ బీరువాలో వెతికి ఆ పేపర్ బయటికి తీసి 1892లో అచ్చు వేయించాడు. ముందుమాటలో ఆయన ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా? పేరులేని కుర్రవాడు ఇంత సాహసమైన ఊహలు సొసైటీలకు పంపకూడదట. ముందు చిన్న పనులు చేసి పేరు తెచ్చుకోవాలట.

సగం_పీహెచ్‌డీ | సాయంత్రం 6:10
మేడమ్, ఇది చదివాక నా 14 గంటలే నయం అనిపిస్తోంది. 47 ఏళ్ళు!

కెమిస్ట్రీ_సార్ | సాయంత్రం 6:31
సరే, 1665 విషయంలో నేను తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ చూడండి, వాటర్‌స్టన్‌ని ముంచింది రిఫరీ. ఎడిటర్ ఎక్కడున్నాడు ఈ కథలో?

వాల్తేరు_గట్టు | సాయంత్రం 6:55
అసలు చిక్కు అదే సార్. ఎడిటర్ అని ఎవరూ లేరు. ఓటేసింది కమిటీ, తిట్టింది రిఫరీ, బీరువాలో పెట్టింది గుమాస్తా. నింద మోసే మనిషి లేడు. తర్వాత భౌతిక శాస్త్రవేత్త స్టోక్స్ 1854 నుంచి 1885 దాకా సెక్రటరీగా ఉన్నాడు, 31 ఏళ్ళు. ఆయన ప్రతి పేపర్ తానే చదివి, రిఫరీ అన్నదాన్ని తన మాటల్లో రచయితకి రాసి, ఎక్కడ దిద్దుకోవాలో చెప్పేవాడు. సొంత పరిశోధన ఎంత వెనకబడిందో ఆయన స్నేహితులే బాధపడేవారు. ఇప్పుడు మనం రివిజన్ అనేదానికి రూపం ఇచ్చింది అలాంటివాళ్ళే. ఆయన్ని పోస్ట్‌మాన్ అనగలమా?

గుంటూరు_మిర్చి | రాత్రి 8:12
మా ఊరు రాకుండా ఈ దారం పూర్తవదు. 'నేచర్' పత్రిక స్థాపించిన నార్మన్ లాక్యర్‌కి, గుంటూరుకి సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణంలో హీలియం కనిపెట్టింది మా గుంటూరులోనే. ప్రౌడ్ ఫీలింగ్.

వాల్తేరు_గట్టు | రాత్రి 8:40
ప్రౌడ్ ఫీల్ అవ్వండి కానీ కొంచెం బందరువాళ్ళకి కూడా వాటా ఇవ్వండి. గుంటూరులో చూసింది ఫ్రెంచివాడు జాన్‌సెన్. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్ని గ్రహణం లేకపోయినా స్పెక్ట్రోస్కోప్‌తో (వెలుగును రంగులుగా విడదీసే పరికరంతో) చూడొచ్చని అక్కడ ఆయనకు తట్టింది. అదే రోజు మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ పాగ్సన్ ఆ వెలుగులో పసుపు గీతను, అంటే తర్వాత హీలియందని తేలిన గీతను, చూసి, అది సోడియం గీతతో సరిపోలడం లేదని రాసుకున్నాడు. లాక్యర్ ఇండియాకి రానే లేదు. అక్టోబరులో ఇంగ్లండ్ నుంచే, గ్రహణం లేకుండా ఆ జ్వాలలు చూశాడు. ఆ గీత కొత్త మూలకానిదని పట్టుబట్టింది ఆయనే.
మరుసటి ఏడాది, 1869 నవంబరు 4న, 'నేచర్' మొదటి సంచిక. లాక్యర్ అప్పటికి యుద్ధ శాఖలో గుమాస్తా. 1919 దాకా, యాభై ఏళ్ళు ఆయనే ఎడిటర్. దాన్ని ప్రచురించిన మాక్‌మిలన్ కంపెనీకి దశాబ్దాల పాటు నష్టమే. కమిటీ లేదు, ఓటు లేదు. ఎడిటర్‌కి నచ్చితే వచ్చే వారం అచ్చు. గొడవల ఉత్తరాలంటే లాక్యర్‌కి మహా ఇష్టం. తన సిద్ధాంతాల్ని తన పత్రికలో తానే మోసేవాడని విమర్శ కూడా ఉంది. ఓల్డెన్‌బర్గ్ బాణీ మళ్ళీ వచ్చిందన్నమాట.

అట్లాంటా_అన్నయ్య | గురువారం, ఉదయం 5:15
ఆలస్యంగా చూశాను. నేను ఒక జర్నల్‌కి అసోసియేట్ ఎడిటర్‌ని, పేరు అడక్కండి. సగం తమ్ముడూ, నీ పేపర్ నా దగ్గరికి రాలేదు, ఒట్టు.
నేచర్ గురించి మేడమ్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. 1953 ఏప్రిల్ 25న వచ్చిన వాట్సన్, క్రిక్ డీఎన్ఏ పేపర్‌ని ఏ రిఫరీకీ పంపలేదు. కేంబ్రిడ్జిలో వాళ్ళ ల్యాబ్ పెద్ద బ్రాగ్ సిఫారసు చేశాడు, ఎడిటర్లు వేసేశారు. నేచర్‌లో అన్ని పేపర్లనూ రిఫరీలకు పంపాలన్న నియమం వచ్చింది 1973లో, డేవిడ్ డేవిస్ ఎడిటర్ అయ్యాక. పీర్ రివ్యూ అన్న మాట జనం నోళ్ళలో నానింది కూడా ఆ దశాబ్దంలోనే. అమెరికాలో ప్రభుత్వ డబ్బు ఎవరికి, ఎందుకు ఇస్తున్నారని వాళ్ళ పార్లమెంటు, అంటే కాంగ్రెస్‌లో, నిలదీస్తే, శాస్త్రవేత్తలు మా లోపల మేము తనిఖీ చేసుకుంటున్నాం అని చెప్పుకోవడానికి అది బాగా అక్కరకొచ్చింది.

కెమిస్ట్రీ_సార్ | ఉదయం 8:05
ఐన్‌స్టీన్ కథ కూడా చెప్పండి మరి. ఆయనే రిఫరీలొద్దన్నాడు కదా.

అట్లాంటా_అన్నయ్య | ఉదయం 8:22
అది రిఫరీ వైపు మాట్లాడే కథ సార్. 1936లో ఐన్‌స్టీన్, రోజెన్ గురుత్వ తరంగాలు లేవని ఒక పేపర్ 'ఫిజికల్ రివ్యూ'కి పంపారు. ఎడిటర్ జాన్ టేట్. ఐన్‌స్టీన్ పేరు చూసి అచ్చు వేసేయొచ్చు. వేయలేదు. రిఫరీకి పంపాడు, లోపాలున్నాయని పది పేజీల రిపోర్టు వస్తే దాన్ని ఐన్‌స్టీన్‌కి పంపాడు. ఆయనకు చిర్రెత్తింది. అచ్చు కాకముందే ఎవరికో చూపించడానికి మీకు మేము అనుమతి ఇవ్వలేదు అని రాసి పేపర్ వెనక్కి తీసుకున్నాడు. జర్మనీలో ఆయనకు అలవాటైన పద్ధతి వేరు. 1905 పేపర్లు 'అన్నాలెన్' అనే జర్మన్ ఫిజిక్స్ పత్రికలో ఎడిటర్ డ్రూడే, ఆయనకు సలహా ఇచ్చే ప్లాంక్, వీళ్ళ చూపుతోనే వచ్చాయి.
ఇంతకీ రిఫరీ చెప్పిందే రైటు. అదే రిఫరీ, ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ రాబర్ట్‌సన్, ఐన్‌స్టీన్ అసిస్టెంట్ ఇన్‌ఫెల్డ్‌తో మాటల్లో తప్పు ఎక్కడుందో చూపించాడు. తాను రిఫరీనని చెప్పలేదు. పేపర్ వేరే జర్నల్‌లో, ముగింపు తలకిందులై, 1937లో వచ్చింది. రిఫరీ రాబర్ట్‌సన్ అని పత్రిక పాత రిజిస్టర్ చూసి 2005లో గానీ బయటపడలేదు. నా దృష్టిలో ఇందులో హీరో టేట్. ఐన్‌స్టీన్ ఇక ఆ పత్రికకి అసలు పరిశోధన పంపకపోయినా ఆయన తగ్గలేదు.

గుంటూరు_మిర్చి | ఉదయం 8:41
సరే అన్నయ్యా, మరి మా తమ్ముణ్ణి రిఫరీకి పంపకుండా ఎందుకు గెంటారు? మీ టేట్ గారైతే పంపేవాడుగా.

అట్లాంటా_అన్నయ్య | ఉదయం 9:10
నా శనివారం ఎలా ఉంటుందో చెప్తాను. వారంలో పదిహేను పేపర్లు వస్తాయి. ఒక్కోదానికి ఇద్దరు రిఫరీలు కావాలంటే ఎనిమిది మందిని అడగాలి. ఐదుగురు జవాబివ్వరు, ఒకరు ఒప్పుకుని మాయమైపోతారు. జీతం? సున్నా. ఏడాదికోసారి ఒక థాంక్యూ మెయిల్. అన్నీ రిఫరీలకు తోస్తే, నిజంగా చదవాల్సిన పేపర్‌కి మనిషి దొరకడు. ఎనిమిది నెలలు పట్టుకుని కాదనడం కన్నా మొదటి రోజే కాదనడం నయం అనుకుంటాను. అందులో పొరపాట్లు చేస్తానా? చేస్తాను. ఒకసారి నేను తిప్పి పంపిన పేపర్‌ని ఇప్పుడు మా క్లాసులో నేనే పాఠంగా చెప్తున్నాను. ఆ రచయితకి ఈ సంగతి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

కెమిస్ట్రీ_సార్ | ఉదయం 10:02
మంచి మాట. కానీ వాల్తేరు, నూజివీడు పేరు చూసి తిప్పి పంపేవాళ్ళూ ఉన్నారు. సత్యేంద్రనాథ్ బోస్ సంగతి చూడండి. 1924లో ఢాకా నుంచి తన పేపర్ ఐన్‌స్టీన్‌కి పంపితే, ఆయన స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించాడు కాబట్టి సరిపోయింది. అందరికీ ఐన్‌స్టీన్ దొరుకుతాడా?

పాత_లైబ్రరీ | ఉదయం 11:30
అందుకే మనవాళ్ళు సొంత పత్రికలు పెట్టుకున్నారు సార్. రామన్ 1926లో 'ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్' మొదలుపెట్టాడు. 1928 మార్చి 16న బెంగుళూరులో కొత్త వికిరణం గురించి ఉపన్యాసం, ఆ నెలాఖరుకే తన పత్రికలో అచ్చు. నోబెల్ బహుమతి తెచ్చిన సంగతికి ఎడిటర్ ఆయనే, రచయితా ఆయనే! మహలనోబిస్ 1933లో 'సాంఖ్య' అనే గణాంక శాస్త్ర పత్రిక పెట్టారు. ఆయన తర్వాత దాన్ని చూసుకున్నది మన సి.ఆర్. రావుగారు, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్నాయన. ఆయనకు ప్రపంచమంతా పేరు తెచ్చిన 1945 పేపర్ ఏ లండన్ పత్రికలోనూ రాలేదు, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది.
ఇంకా వెనక్కి వెళ్తే, 1833లో మొదలైన 'మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్' ఎడిటర్ జె.సి. మోరిస్ తెలుగు పండితుడు. సి.పి. బ్రౌన్ తెలుగు సాహిత్యం మీద రాసిన వ్యాసం అదే పత్రికలో, వాతావరణం లెక్కల పక్కన అచ్చయింది. బైండు ఊడిపోయిన ఆ సంపుటాన్ని ఒకప్పుడు నా చేతులతో అతికించాను.

నల్లకుంట_నానీ | మధ్యాహ్నం 1:20
ఎడిటర్లను పొగడటం అయ్యాక ఇది కూడా చదవండి. నేను ఎంటెక్ చేస్తుండగా ఒక జర్నల్ వాళ్ళు నన్ను ఎడిటోరియల్ బోర్డులో వేశారు. నేను అడగలేదు, వాళ్ళూ అడగలేదు. పేరు పక్కన డాక్టర్ అని కూడా పెట్టారు! మా అమ్మ చూసి సంబరపడింది. తీసేయమని ఆరుసార్లు మెయిల్ పెట్టాను. ఇలాంటి పనులకే మన హైదరాబాద్ సంస్థ ఒకదానికి 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లు కట్టమంది. అడక్కుండా బోర్డులో పేర్లు వాడుకోవడం, చేయని పీర్ రివ్యూ చేశామనడం, ఫీజు ముందు చెప్పకపోవడం.

వాల్తేరు_గట్టు | మధ్యాహ్నం 2:05
నానీ, డాక్టర్‌గారూ అని పిలవమంటావా ఇకనుంచి 🙂
దీనికి అవతలి కొస కూడా ఉంది. నిజమైన ఎడిటర్లు మూకుమ్మడిగా లేచి వెళ్ళిపోవడం. 2015లో భాషాశాస్త్ర పత్రిక 'లింగ్వా' ఎడిటర్లు, బోర్డు మొత్తం రాజీనామా చేసి 'గ్లోసా' పెట్టుకున్నారు. 2023లో 'న్యూరోఇమేజ్'లో 40 మందికి పైగా ఎడిటర్లు అదే పని చేశారు, ఒక్కో పేపర్‌కి 3,450 డాలర్ల ఫీజు అన్యాయమని. పత్రిక పేరు కంపెనీది, నమ్మకం ఎడిటర్లది. ఓల్డెన్‌బర్గ్‌కి ఈ బాధ లేదు, రెండూ ఆయనవే.

కెమిస్ట్రీ_సార్ | మధ్యాహ్నం 2:30
పోస్ట్‌మాన్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ జడ్జి అయితే తీర్పుకి కారణం రాయాలి. రెండు లైన్ల మెయిల్ కుదరదు.

అట్లాంటా_అన్నయ్య | సాయంత్రం 4:00
దీనికి నా దగ్గర జవాబు లేదు సార్. ఈ శనివారం నుంచి కనీసం నాలుగు లైన్లు రాస్తాను.

సగం_పీహెచ్‌డీ | గురువారం, రాత్రి 9:15
కోపంలో మెయిల్ కిందిదాకా చదవలేదు. ఇప్పుడు చూస్తే మూడో లైన్ ఉంది. ఇంకో రెండు జర్నల్స్ పేర్లు రాసి, వీటికి సరిపోతుంది అన్నాడు. రెండూ మంచివే. గైడ్‌గారికి చూపిస్తే, మొదటిదానికే ముందు పంపాల్సింది అన్నారు. ఈ మాట పోయిన నెల చెప్పి ఉంటే బాగుండేది.
కవరింగ్ లెటర్ ఎలా రాయాలో ఎవరైనా చెప్పండి.

అట్లాంటా_అన్నయ్య | రాత్రి 9:32
"గౌరవనీయులైన ఎడిటర్ గారికి, మీ ప్రతిష్ఠాత్మక పత్రిక" అని మొదలుపెట్టకు, చాలు. నువ్వు ఏం కనుక్కున్నావో మొదటి రెండు వాక్యాల్లో చెప్పు. అక్కడిదాకా మాత్రం ఖాయంగా చదువుతాం.

గుంటూరు_మిర్చి | రాత్రి 9:40
సంతకం గ్రూబెన్‌డాల్ అని పెట్టు తమ్ముడూ.

సగం_పీహెచ్‌డీ | శనివారం, సాయంత్రం 6:03
నిన్న మధ్యాహ్నం పంపాను, నా పేరుతోనే. 14 గంటలు దాటి చాలాసేపయింది, ఇంకా మెయిల్ రాలేదు.